స్టిక్ తిప్పినా రెక్క పలకని చిన్న విమానం: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి యజమాని ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. ఊరి పేరు, విమానం కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏదీ రాకూడదు. కాబట్టి గోదావరి డెల్టాలో సముద్రానికి దగ్గరగా, ఒక పక్క కాలువ, మరో పక్క కొబ్బరి తోట, చుట్టూ చేపల చెరువులు ఉన్న చోట అని మాత్రం చెప్తాను. నేను చిన్న విమానాల మెయింటెనెన్స్ పని చేస్తాను. ఇందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. అయినా రాస్తున్నానంటే, తక్కువ వేగంలో కంట్రోల్స్ పని చేయడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు ఏం చూస్తానన్నది ఈ కేసు తర్వాత పూర్తిగా మారిపోయింది.

విమానం, అది దిగే చోటు

రెండు సీట్ల బుష్ ప్లేన్, అంటే సరైన రన్‌వే లేని చోట కూడా గడ్డి మీదా ఇసుక మీదా దిగి లేవడానికి చేసిన రకం. రెక్క పైన ఉంటుంది, చిన్న చక్రం తోక కింద ఉంటుంది. బాడీ స్టీలు గొట్టాలతో కట్టి పైన గుడ్డ బిగించినది, రెక్కల లోపలి ఎముకలన్నీ అల్యూమినియం. ఇంజను రోటాక్స్ 912, 80 హార్స్‌పవర్. రెక్క వెనక అంచున, స్టిక్ తిప్పితే విమానాన్ని పక్కలకి వాల్చే ఐలెరాన్లు, నెమ్మదిగా దిగడానికి కిందకి దించే ఫ్లాప్‌లు వేటికవే విడిగా ఉంటాయి. మాన్యువల్ ప్రకారం ఫుల్ ఫ్లాప్ వేస్తే గంటకి 62 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే గాలి ఊడిపోయి రెక్క మోయలేకపోతుంది, దిగేటప్పుడు 80 పట్టుకోవాలి. ఈ 80 అంకె ఊరికే పెట్టింది కాదు, స్టాల్ వేగానికి 1.3 రెట్లు అన్న పాత లెక్క అది.

దిగే చోటు 380 మీటర్ల గడ్డి పట్టీ, తూర్పు పడమరలుగా. దక్షిణం పక్కన పట్టీలో సగం దాకా కొబ్బరి తోట. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది, అది తోట మీదుగా వచ్చి పట్టీ మీద సుడులు తిరుగుతుంది. చెట్ల తలల కన్నా కిందకి దిగగానే ఎదురుగాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది, దాంతో విమానం గాలిలో వేగం కోల్పోతుంది. పట్టీ దాటి ముందుకు జారితే చెరువూ, అందులో తిరుగుతున్న ఏరేటర్లూ. అక్కడ నెమ్మదిగా దిగాలనే కోరిక ఎవరికైనా ఉంటుంది, తప్పు లేదు.

వచ్చిన సమస్య

మే నెలలో ఫోన్ వచ్చింది. "ఆయ్, స్టిక్ పూర్తిగా ఎడమకి కొట్టేసినా పలకట్లేదండి, కుడి రెక్క కిందకి పోతూనే ఉంది, ముక్కేమో అదే పక్కకి తిరిగిపోతోంది." అంతకు ముందు వారం తోట నీడలోకి దిగుతున్నప్పుడు కుడి రెక్క జారి, కుడి చక్రం ఒక్కటే గట్టిగా నేలకి కొట్టుకుని ఆగింది. విమానానికి పెద్దగా ఏమీ కాలేదు గానీ ఆయనకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదట. ఆయన కొత్త పైలట్ కాదు. బయటి దేశంలో నేర్చుకుని, అక్కడే చాలా గంటలు ఎగిరి వచ్చిన మనిషి. అందుకే ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే ఏప్రిల్ నుంచి అన్నారు. చలికాలంలో బాగానే ఉండేదట. ఎండలకి గాలి పలచబడి కంట్రోల్స్ సచ్చుబడ్డాయని ఆయన అనుకున్నారు. చాలామంది అనుకునేదే. కానీ అది సరైన లెక్క కాదు. ప్యానెల్ మీద వేగం చూపే మీటరులో అదే అంకె కనిపిస్తున్నంత కాలం కంట్రోల్ మీద గాలి తోసే బలం అదే, ఎండాకాలమైనా చలికాలమైనా. గాలి పలచబడితే అదే మీటరు వేగానికి నేల మీద పరుగు ఎక్కువవుతుంది, ఇంజను కాస్త నీరసిస్తుంది, పట్టీ చిన్నదనిపిస్తుంది. ఐలెరాన్ మాత్రం నీరసించదు. కాబట్టి వేసవిలో మారింది ఇంకేదో ఉండాలి అని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఇంకో అరగంట కూర్చుని ఉంటే సగం పని అప్పుడే అయిపోయేది.

నేను వెళ్ళేసరికి జరిగిపోయినవి

ఏప్రిల్‌లో ఆయన స్టాల్ వేగం పరీక్షించుకున్నారు. మాన్యువల్‌లో 62 అని ఉంటే ఈయన మీటరులో 71 దగ్గరే స్టాల్ అయింది. రెక్క ఏదో పాడయిందనుకుని వోర్టెక్స్ జనరేటర్లు తెప్పించి రెండు రెక్కల మీదా అతికించారు. తెలియనివాళ్లకి రెండు ముక్కలు: ఇవి గోరంత రేకులు, రెక్క ముందు అంచుకి కొంచెం వెనక వరసగా, గాలికి కాస్త ఏటవాలుగా పెడతారు. ఒక్కొక్కటి చిన్న సుడిని పుట్టిస్తుంది. ఆ సుడి పైన వేగంగా పోతున్న గాలిని రెక్క చర్మం దగ్గరకి లాక్కొస్తుంది కాబట్టి, రెక్కని ఇంకొంచెం ఎక్కువ కోణంలో ఎత్తినా గాలి ఊడిపోకుండా అంటుకుని ఉంటుంది. స్టాల్ వేగం తగ్గుతుంది. బుష్ ప్లేన్ల లోకంలో బాగా నమ్మకం కుదిరిన పరికరం ఇది, నాకూ దాని మీద గౌరవమే.

అవి పెట్టాక మీటరులో స్టాల్ 65కి దిగింది. "ఇప్పుడు బుక్ ప్రకారం వచ్చింది" అని ఆయన సంతోషించి, 80కి బదులు 75తో దిగడం మొదలుపెట్టారు. తరవాత నెల తిరక్కుండానే కుడి చక్రం సంఘటన.

ఇక్కడ ఒక మాట. అరిగిన బోల్టు మార్చడం మరమ్మతు, రెక్క మీద కొత్తగా ఏదైనా అతికించడం మార్పు. మార్పుకి తయారీదారు లిఖిత సమ్మతి, పర్మిట్ కాగితాల్లో నమోదు, రెండూ ఉండాలి. ఆయన ఆ పని చేయలేదు. నేను వెళ్ళిన మొదటి రోజే ఆ ఉత్తరం రాయించాను. ఆ జనరేటర్లకి సమ్మతి తరవాత వచ్చింది, కానీ సమ్మతి వచ్చింది కదా అని ముందు చేసింది సరైపోదు.

మొదటి రోజు: వేగం నిజమా?

కంట్రోల్ మీద గాలి బలం వేగానికి వర్గంలో మారుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతు. కాబట్టి తక్కువ వేగంలో కంట్రోల్ పలకలేదంటే నేను ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ తక్కువ వేగం అసలు ఎంత? మీటరు చెప్పేది కాదు, నిజంగా ఎంత?

అది కొలవడం కష్టమేమీ కాదు. తెల్లవారుజామున, ఇంకా గాలి లేవక ముందు, 3000 అడుగులకి వెళ్ళి మీటరు 80 దగ్గర పట్టుకుని ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర నాలుగు వైపులా ఒక్కో నిమిషం ఎగిరాం. జీపీఎస్‌లో కనిపించిన నాలుగు వేగాల సగటు 75. ఉన్న కొంచెం గాలి సగటులో కొట్టుకుపోతుంది. ఆ 75ని అలాగే మీటరుతో పోల్చకూడదు, ఎత్తుకీ వేడికీ సవరణ చేయాలి. చేస్తే 70 తేలింది. మీటరు 80 అంటోంది, గాలికి తెలిసిన వేగం 70.

దిగి కాగితం మీద లెక్క వేశాను. 70ని 80తో భాగించి వర్గం చేస్తే 0.77, అంటే కంట్రోల్స్‌కి అందాల్సిన బలంలో దాదాపు పావు వంతు లేదు. ఆయన అలవాటు చేసుకున్న 75 అయితే నిజానికి 66. అక్కడ మూడో వంతు పోయింది. స్టాల్ సంగతీ అక్కడే విడిపోయింది. మీటరులో 71 అంటే నిజంగా 62, మాన్యువల్‌లో ఉన్న అంకే అది. రెక్కకి అసలు ఏ జబ్బూ లేదు! మీటరు అబద్ధాన్ని రెక్క జబ్బుగా చదువుకుని ఆయన మందు వేశారు. మందు పనిచేసి స్టాల్ నిజంగా 57కి దిగింది, ఆ ధైర్యంతో వేగం ఇంకా తగ్గించారు. రెక్క ఆ వేగంలో మోయగలదు, కానీ తిప్పడానికి ఐలెరాన్‌కీ ఎత్తడానికి తోకకీ కావలసిన గాలి అక్కడ లేదు.

మీటరు ఎందుకు ఎక్కువ చూపిస్తోంది? ఆ మీటరు రెండు ఒత్తిళ్ల తేడాని కొలుస్తుంది. ఒకటి ముందు నుంచి గొట్టంలోకి దూసుకొచ్చే గాలిది, రెండోది బాడీ పక్కన చిన్న రంధ్రం నుంచి వచ్చే మామూలు ఒత్తిడి, దాన్ని స్టాటిక్ అంటాం. ప్యానెల్ వెనక తల దూర్చి టార్చి వేసి చూశాను. స్టాటిక్ గొట్టం టీ జాయింట్ దగ్గర పసుపుపచ్చగా మారి, గోరుతో నొక్కితే పెళుసుగా విరిగేంత గట్టిపడి ఉంది. చూడ్డానికి జాయింటుకి తగిలించి ఉన్నట్టే ఉంది. రెండు వేళ్లతో ముట్టుకున్నాను, జారి చేతిలోకి వచ్చేసింది. అంటే మీటరు బయటి ఒత్తిడిని చదవడం మానేసి చాలాకాలం నుంచి కేబిన్ లోపలి ఒత్తిడిని చదువుతోంది.

అయితే చలికాలంలో ఎందుకు తెలియలేదు? అప్పుడు అడిగాను, తలుపులు ఎప్పుడు తీసేశారని. మార్చి ఆఖర్లో అన్నారు. మన ఉక్కపోతలో ఆ చిన్న కేబిన్‌లో తలుపులు పెట్టుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు, ఈ విమానాన్ని తలుపుల్లేకుండా ఎగరనిస్తారు కూడా. తలుపులు ఉంటే కేబిన్ ఒత్తిడి బయటిదానికి దగ్గరగానే ఉంటుంది, తప్పు బయటపడదు. తలుపులు తీస్తే పక్క నుంచి పోయే గాలి కేబిన్‌లోని గాలిని బయటికి పీలుస్తుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, రెండు ఒత్తిళ్ల మధ్య తేడా పెరిగి మీటరు వేగం ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు మీటరు కూడా ఆ గొట్టం మీదే ఆధారపడినా ఈ కొంచెం ఒత్తిడికి దానిలో 20 అడుగుల తేడా వస్తే గొప్ప, ఎవరూ పట్టుకోలేరు. మారింది ఎండ కాదు, ఎండ వల్ల తీసిన తలుపులు.

గొట్టం మొత్తం మార్చి, లీకు పరీక్ష చేసి, మళ్ళీ నాలుగు వైపులా ఎగిరితే తలుపులు లేకుండానే 80కి 79 వచ్చింది. యజమాని అప్పుడే సమస్య తీరిపోయిందన్నారు. నాకూ అలాగే అనిపించింది, కానీ ఒక అంకె గొంతులో ముల్లులా మిగిలింది.

ఐలెరాన్ ఎంత తిరుగుతోంది?

గొట్టం మార్చక ముందు, నిజంగా 70 వేగంలో, ఎడమకి 30 డిగ్రీల వాలు నుంచి కుడికి 30 డిగ్రీల వాలుకి తిరగడానికి ఎంతసేపు పడుతుందో వీడియో పెట్టి కొలిచాను. 4.8 సెకన్లు. వేగం తక్కువని ఒప్పుకున్నా, ఇంత చిన్న విమానానికి అది చాలా ఎక్కువ. పావు వంతు బలం పోయినంత మాత్రాన అంత మందగించకూడదు.

రెండు అనుమానాలు. ఒకటి, ఐలెరాన్ మీద గాలి ఊడిపోతోంది. రెండు, ఐలెరాన్ అనుకున్నంత తిరగడం లేదు. మొదటిదాన్ని తేల్చడానికి నూలు పోగుల కన్నా మంచి పరికరం నాకు తెలియదు. బండారులంక నుంచి ముదురు ఎరుపు నూలు తెప్పించి, జానెడులో సగం ముక్కలుగా కోసి, కుడి రెక్క బయటి సగం మీదా ఐలెరాన్ మీదా వరసలుగా టేపుతో అంటించాం. యజమాని దగ్గర పనిచేసే కుర్రాడు నిచ్చెన ఎక్కి ఎంత శ్రద్ధగా అంటించాడంటే, వరసలు మగ్గం మీద పడుగులా ఉన్నాయి. "బాబాయ్, ఇవి పడుకుంటే మంచిదా, లేస్తే మంచిదా?" అని అడిగాడు. పడుకుని వెనక్కి చూస్తుంటే గాలి అంటుకుని ఉన్నట్టు, లేచి గంతులేస్తుంటే ఊడిపోయినట్టు అని చెప్పాను. రెక్కని మోసే కర్రకి మొబైల్ పెట్టుకునే చిన్న కెమెరా స్టాండు బిగించి ఎగిరాం.

వీడియోలో పోగులు దాదాపు అన్నీ బుద్ధిగా పడుకునే ఉన్నాయి. ఐలెరాన్ చివర రెండు వరసలు మాత్రం అప్పుడప్పుడు కదిలాయి. జనరేటర్లు తమ పని తాము చేస్తున్నాయి, గాలి ఊడడం లేదు. కాబట్టి మొదటి అనుమానం పోయింది. కానీ అదే వీడియోని నాలుగోసారి చూస్తున్నప్పుడు ఇంకొకటి కనిపించింది. స్టిక్ చివరిదాకా కొట్టినప్పుడు ఐలెరాన్ వెనక అంచు రెక్క అంచు కన్నా ఎంత పైకి లేస్తోందో చూస్తే, నేల మీద తీసిన ఫొటోలో ఉన్నంత లేవడం లేదు. గాలిలో తక్కువ తిరుగుతోంది.

నేల మీద కొలతలు మళ్ళీ తీశాం. మాన్యువల్ ప్రకారం పైకి 20, కిందకి 14 డిగ్రీలు. ఇక్కడ పైకి 16, కిందకి 17. తరవాత కుర్రాణ్ణి ఐలెరాన్ అంచుని అరచేతితో ఆపి పట్టుకోమని, యజమానిని లోపల స్టిక్ చివరిదాకా నొక్కమన్నాను, గాలి చేసే పనిని చెయ్యి చేస్తుందన్నమాట. పైకి 11, కిందకి 12. స్టిక్ చివరికి వెళ్ళిపోయింది, ఐలెరాన్ మూడో వంతు ప్రయాణం దారిలోనే పోగొట్టుకుంది. చేత్తో పట్టుకోవడం ఖచ్చితమైన బలం కాదని తెలుసు. అందుకే తరవాత స్ప్రింగు త్రాసు కట్టి, ప్రతిసారీ ఒకే బలంతో లాగి కొలిచాం. అంకెలు అరడిగ్రీ కూడా మారలేదు.

రెక్క కింద తనిఖీ మూతలు విప్పాం. స్టిక్ నుంచి ఐలెరాన్‌కి వెళ్ళే కేబుల్ వదులుగా ఉంది, టెన్షన్ మీటరు పెడితే మాన్యువల్ అడిగినదాంట్లో సగం పైచిలుకు మాత్రమే. ఒక పుల్లీ తిరగడం లేదు. సముద్రపు ఉప్పు గాలికి దాని బేరింగు బిగుసుకుపోయింది. కేబుల్ దాన్ని తిప్పలేక దాని మీద రాసుకుంటూ పోయి, గాడిలో ఒకే చోట సన్నని రెండో గాడి కోసింది. అక్కడ కేబుల్‌ని పాత నూలు గుడ్డలో పట్టుకుని మెల్లగా తుడిచాను. గుడ్డ ఒక చోట పట్టుకుంది. ఒక పోగు తెగి ముల్లులా బయటికి వచ్చి ఉంది.

ఆ కేబుల్‌తో నేను మూడు సార్లు ఎగిరాను. ఇయర్లీ ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకం ఉందని మూతలు విప్పకుండానే ఎక్కాను. కంట్రోల్స్ గురించి ఫిర్యాదు వచ్చిన విమానం ఎక్కే ముందు మూతలు విప్పి, కేబుల్ తుడిచి, బరువు పెట్టి కొలవాలి. జీపీఎస్ పరీక్షా నూలు పోగులూ ఆ తర్వాతే. నేను వరస తప్పాను, దాన్ని సమర్థించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ముక్కు ఎందుకు తిరిగిపోతోంది

పైకి 20, కిందకి 14 అన్న తేడా ఊరికే పెట్టలేదు. ఐలెరాన్ కిందకి దిగిన రెక్కలో లిఫ్ట్, అంటే పైకి ఎత్తే బలం పెరుగుతుంది, దానితో పాటు డ్రాగ్, అంటే వెనక్కి లాగే బలం కూడా పెరుగుతుంది. కుడి రెక్కని లేపాలని స్టిక్ ఎడమకి కొడితే కుడి ఐలెరాన్ దిగుతుంది, ఆ రెక్క వెనక్కి లాగుతుంది, ముక్కు కుడికే తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ ఈ జబ్బు ఎక్కువ. అందుకే దిగేదాన్ని తక్కువ దింపి, లేచేదాన్ని ఎక్కువ లేపుతారు. ఈ విమానంలో ఆ తేడా తిరగబడింది, కిందకే ఎక్కువ. యజమాని ఫోన్‌లో చెప్పిన "ముక్కు అదే పక్కకి" అన్న మాటకి అర్థం ఇది.

ఎలా తిరగబడిందో రికార్డులు చూస్తే తెలిసింది. అంతకు ముందు ఎవరో ఒక ఐలెరాన్ కాస్త వాలి ఉందని టర్న్‌బకిల్, అంటే కేబుల్ బిగించే మర తిప్పి సమం చేశారు. బయటికి రెండూ సమంగా కనిపించాయి. లోపల బెల్‌క్రాంక్, అంటే కేబుల్ లాగుడుని ఐలెరాన్ వైపు మళ్ళించే లివరు మాత్రం తన మధ్య స్థానం నుంచి పక్కకి జరిగింది. ఆ తేడాని పుట్టించేది బెల్‌క్రాంక్ కోణమే. సరైన పద్ధతి: ముందు బెల్‌క్రాంక్‌ని దాని రిగ్గింగ్ రంధ్రంలో పిన్ను పెట్టి మధ్యలో బిగించాలి, తరవాత కేబుల్ టెన్షన్, ఆఖరున ఐలెరాన్‌ని తోసే కడ్డీ పుష్‌రాడ్ పొడవు సర్ది ఐలెరాన్‌ని రెక్కతో సమం చేయాలి. మేం అలాగే చేశాం. రెండు రెక్కల్లో కేబుళ్లు, పుల్లీలన్నీ కొత్తవి. టెన్షన్ పెట్టేటప్పుడు నీడలో, ఆ పూట ఉష్ణోగ్రత రాసుకుని పెట్టాం. అల్యూమినియం రెక్క స్టీలు కేబుల్ కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి మధ్యాహ్నం బిగుతుగా కనిపించిన కేబుల్ తెల్లవారుజాము చలికి వదులవుతుంది. టెన్షన్‌ని మాన్యువల్‌లోని ఉష్ణోగ్రత పట్టిక చూసి పెట్టాలి.

ఇదంతా అయ్యేసరికి వానలు వచ్చేశాయి. నల్లరేగడి పట్టీ బురదై, నవంబరు తుఫాను రోజులు కూడా దాటాక, డిసెంబరులో మళ్ళీ ఎగిరాం. బరువు పెట్టి కొలిస్తే పైకి 19, కిందకి 13.5. అదే 70 వేగం, అదే 30 నుంచి 30కి: 3.3 సెకన్లు. 80 వేగంలో ఇంకా చురుగ్గా ఉంది. ఈ మెరుగుదలలో రెక్కకి కొత్తగా తగిలించింది ఒక్కటీ లేదు.

తోక సంగతి

ఒకటి మిగిలింది. ఆయన ఒక్కరే ఎక్కి, ఫుల్ ఫ్లాప్ వేసి, థ్రాటిల్ పూర్తిగా మూసి దిగితే స్టిక్ పొట్ట దాకా లాగినా ముక్కు కావలసినంత లేవడం లేదు. ఈ విమానంలో రెండో సీటు ఖాళీ అయితే బరువు కేంద్రం ముందుకు వస్తుంది, ముక్కుని ఎత్తే భారం తోక మీద పడుతుంది. థ్రాటిల్ మూస్తే ప్రొపెల్లర్ నుంచి తోక మీద పడే గాలి కూడా పోతుంది.

ఇక్కడ నేను చేసి విఫలమైన పని చెప్పాలి. తోకలో కదులుతూ ముక్కుని ఎత్తే భాగం ఎలివేటర్‌కీ, దాని ముందున్న స్థిర భాగానికీ మధ్య సందులోంచి గాలి కింద నుంచి పైకీ, పై నుంచి కిందకీ కారిపోతుంది, దాన్ని మూస్తే ఎలివేటర్ బలం పెరుగుతుంది, సూత్రం నిజమే. తయారీదారు ఒప్పుకున్న గుడ్డ టేపుతో సందు మూశాను. నేల మీదే రెండు రోజులు ఉంచాం. మూడో రోజు పొద్దున మంచుకి టేపు ఒక మూల లేచి, హింజ్ (కీలు) వైపు ముడుచుకుపోయింది. అది ఎగిరేటప్పుడు జరిగి ఎలివేటర్‌కి అడ్డం పడితే ఏమవుతుందో ఊహించక్కర్లేదు. మొత్తం పీకేశాను. ఇంత తేమ ఉన్న చోట జిగురుని నమ్మి కంట్రోల్ పక్కన ఏదీ పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. టేపుతో ఇంకో చిక్కు కూడా ఉంది, హింజ్ వెనక ఏ బరువు చేర్చినా మాస్ బ్యాలెన్స్, అంటే హింజ్‌కి ముందూ వెనకా బరువుల సమతూకం మారుతుంది, అది హద్దు దాటితే ఎక్కువ వేగంలో ఫ్లట్టర్, అంటే ఆగని వణుకు వచ్చి తోక ముక్కలయ్యే ప్రమాదం. పెయింటు పూతకి కూడా ఇదే లెక్క.

తరవాత సులువైనది, వెనక్కి తీసుకోగలిగినది ముందు చేశాం. బరువు లెక్క కట్టి, కాన్వాస్ సంచిలో 8 కిలోల గోదావరి ఇసుక పోసి కుట్టి, సామాను పెట్టే చోట నేల రింగులకి కట్టాం, ఒక్కరే ఎగిరినప్పుడు మాత్రమే అని ప్యానెల్ మీద రాసిపెట్టాం. దానితోనే సగం తేడా తెలిసింది. మిగతాదానికి తయారీదారు సమ్మతితో తోక స్థిర భాగం కింది వైపున, హింజ్‌కి ముందు వోర్టెక్స్ జనరేటర్లు పెట్టాం. కింది వైపే ఎందుకంటే దిగేటప్పుడు తోక కిందకి నొక్కుతుంది, గాలి ఊడిపోయేది ఆ పక్కనే. ఇప్పుడు స్టిక్ చివరిదాకా వెళ్ళకముందే ముక్కు లేస్తోంది.

నడిపే పద్ధతిలో రెండే మార్పులు. చెట్ల తలల కిందకి వచ్చాక కూడా చక్రాలు ఆనేదాకా కొంచెం పవర్ ఉంచడం, రెక్క జారితే స్టిక్‌తో పాటు కాళ్లతో రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక భాగం) కూడా వేయడం. రెండోది ఆయనకి ముందే తెలుసు, కానీ మూడు నెలలుగా మొండికేసిన ఐలెరాన్‌తో కుస్తీ పట్టి కాళ్లు మరిచిపోయాయి. నాలుగు రోజులు పొద్దున్నే 3000 అడుగుల్లో అదే పని చేయించాను.

నా పద్ధతిలో మారినవి

ఇలాంటి ఫోన్ వస్తే ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, సమస్య మొదలైన నెలలో విమానానికి ఏం తీశారు, ఏం పెట్టారు అని. రెక్క మీద ఏం అతికించాలి అన్నది చిట్టచివర. మూతలు విప్పకుండా ఎక్కను. నేల మీద ఖాళీగా తీసిన డిగ్రీలని లెక్కలోకి తీసుకోను, త్రాసు కట్టి లాగినప్పుడు వచ్చినవే రాసుకుంటాను. ఒక్కసారి ఒక్క మార్పే, దాని ముందూ వెనకా కొలత. యజమానికి ఇది విసుగు తెప్పిస్తుంది, నాకు తెలుసు. కానీ జనరేటర్లూ కొత్త కేబుళ్లూ గొట్టమూ ఒకేరోజు పెట్టి ఉంటే విమానం బాగుపడేది, ఏది బాగు చేసిందో ఎప్పటికీ తెలిసేది కాదు, మళ్ళీ ఉప్పు గాలికి పుల్లీ బిగుసుకున్న రోజు మళ్ళీ రెక్కనే అనుమానించేవాళ్లం.

రెక్క మీద జనరేటర్లు అలాగే ఉంచాం. దిగే వేగం మాత్రం మాన్యువల్‌లోని 80కే తిరిగి వెళ్ళింది, వాటివల్ల వచ్చిన మిగులుని తోట నీడలో గాలి పడిపోయే క్షణం కోసం అట్టే పెట్టుకోమన్నాను. పుల్లీలు ఇప్పుడు ప్రతి 25 గంటలకీ విప్పి చూస్తున్నారు, స్టాటిక్ గొట్టం ఏటా మారుస్తున్నారు. మార్చి రాగానే తలుపులు మళ్ళీ తీసేశారు, ఆ వారమే నాలుగు వైపులా ఎగిరి అంకెలు పంపారు, 80కి 79. కుర్రాడు నెలకోసారి త్రాసు కట్టి, ఐలెరాన్ పక్కన డిగ్రీల మీటరు పెట్టి ఫొటో తీసి నాకు పంపుతాడు. పోయిన నెలది 18.5 వచ్చింది. అరడిగ్రీ తగ్గింది కదా బాబాయ్, మూత విప్పమంటావా అని కింద రాశాడు. విప్పమన్నాను.